షార్జా మియా పట్టిన చుక్కాని

ఎర్రగుట్ట రేవు, కొల్లాపూర్ దగ్గర
ఆగస్టు 2003

తమ్ముడు యూసుఫ్‌కు మహమూదా ఆపా దువాలు.

నీ ఉత్తరం అందింది. షార్జా ఎండ గురించి, మీ గదిలో నల్లుల గురించి బాగా రాశావు. నేను అడిగినదానికి మాత్రం జవాబు లేదు. కాబట్టి మళ్లీ మొదటి నుంచి చెబుతాను. ఫోన్లో చెప్పొచ్చు గానీ, ఎస్టీడీ బూత్ వాడి ముందు మాట్లాడితే ఊరందరి ముందు మాట్లాడినట్టే.

మీ బావ పోయి, నాలుగు నెలల పది రోజుల నా ఇద్దత్ ముగిసిన మర్నాడే మన ఇంజను పడవ విప్పాను. ఒక్కరూ ఎక్కలేదు. చక్కెర జబ్బుతో ఆయన చూపు మందగించిన నాటి నుంచి, ఐదారేళ్లుగా చుక్కాని పట్టింది నేనే. ఈ సంగతి రెండు ఒడ్డుల్లో పసిపిల్లలకు కూడా తెలుసు. ఆయన పక్కన కూర్చుని బీడీ తాగేవాడు, నేను నడిపేదాన్ని. అప్పుడు పెళ్లివాళ్లు ఎక్కారు, మేకల మందలు ఎక్కాయి, నొప్పులు పడుతున్న ఆడవాళ్లను మంచంతో సహా ఎక్కించారు. ఇప్పుడు ఆయన కూర్చున్న చోటు ఖాళీ అయ్యేసరికి నాకు పడవ నడపడం రాకుండా పోయింది.

ఊరి పెద్దమనిషి హన్మంతు మొహం మీదే అన్నాడు. "మహమూదమ్మా, నీ మీద మాకేం కోపం లేదు. ఆడమనిషి చుక్కాని వడితె గంగమ్మకు గిట్టదు. మా పెద్దలు గట్లనె చెప్పిండ్రు." మనవాళ్లేమైనా తక్కువ తిన్నారా? మసీదు అరుగు మీద కూర్చునే ముసలాయన గంగమ్మ పేరు తీసేసి నీళ్లను కాచే ఖాజా ఖిజర్ పేరు పెట్టి అదే మాట అన్నాడు. పండుగలకు కలవనివాళ్లు కూడా ఈ విషయంలో కలిసిపోయారు. నాగర్‌కర్నూల్ నుంచి వచ్చి అవతలి ఒడ్డు బడిలో సైన్సు చెప్పే లలితమ్మ టీచరు సైతం గొడుగు పట్టుకుని నా పడవ పక్కనే నిలబడి, మగవాడు తెడ్డు వేసే పుట్టి కోసం ఎదురుచూసింది.

జీతానికి మనుషుల్ని పెట్టి చూశాను. ఒకడు తాగి పడవను పాత ఊరి గోడలకు గుద్దాడు. డ్యాం కట్టినప్పుడు మునిగిన ఊరు నీకు తెలుసు కదా, వేసవిలో నీళ్లు తగ్గితే ఆ మొండిగోడలు పైకి వస్తాయి. ఇంకొకడు పత్తి ఏరడానికి వెళ్లి మళ్లీ రాలేదు. ఇదే అదను అనుకుని మా మరిది ఉవైస్ పాన్‌గల్ నుంచి దిగి పెద్దల్ని కూర్చోబెట్టాడు. అన్నదమ్ముల ఉమ్మడి పడవ, పిల్లలు లేని ఆడదాని దగ్గర ఎండకు పగిలిపోతోందని అతని బాధ. ఉగాది నాటికి పడవ తిరుగుతుంటే నాది, లేకపోతే అతనిది అని తీర్పు చెప్పారు.

కిందటేడు నువ్వు ఒక మాట రాశావు. అక్కడి పడవల్లో చుక్కానిని మిషనే పట్టుకుంటుందని. గంగమ్మకు ఆడది గిట్టదన్నారు గానీ మిషన్ గిట్టదని ఎవరూ అనలేదు. అది నాకు కావాలి. నా బంగారు గాజులు గద్వాలలో మరదలు నిఖత్ చేతికి ఇచ్చి వస్తాను, డబ్బు సంగతి మీ ఇద్దరూ చూసుకోండి. ఈ పడవ పోతే నాకు ఈ ఒడ్డున వేరే పని లేదు, వేరే పేరూ లేదు. తొందరగా రాయి.

నీ ఆపా,
మహమూదా


షార్జా
సెప్టెంబర్ 2003

ప్రియమైన ఆపాకు యూసుఫ్ సలాం.

నీ ఉత్తరం చదివి ముందు నవ్వాను, తర్వాత నవ్వినందుకు సిగ్గుపడ్డాను. మన రేవుకు ఈ మిషన్ అని చెబితే మా పడవల షెడ్డు మేస్త్రీ టీ ఒలకబోసుకున్నాడు. ఇక్కడ షేక్‌లు చేపలు పట్టుకుంటూ కునుకు తీయడానికి బిగించుకునేదాన్ని, నువ్వు హన్మంతును ఒప్పించడానికి అడుగుతున్నావు. అడిగావు కాబట్టి తమ్ముడు కాదనడు.

దీనికి మూడు భాగాలు. దిక్కు చూసే డబ్బా ఒకటి. దాని మాట విని లెక్కలు వేసే పెట్టె ఒకటి. ఆ పెట్టె చెప్పినట్టు చుక్కానిని నెట్టే చేయి ఒకటి. మొదటి రెండూ ఏవి తెచ్చినా పని చేస్తాయి. ఎంచుకోవాల్సింది చేయినే. చాలామంది అందంగా కనబడే పెట్టె చూసి కొంటారు, బలం లేని చేయి తగిలించుకుని ఏడుస్తారు.

చేతుల్లో రకాలున్నాయి. స్టీరింగు చక్రానికి పట్టీలా తగిలించేది మనకు పనికిరాదు, నీ పడవకు చక్రమే లేదు. చుక్కాని కర్ర మీద పెట్టే చిన్న చేయి ఉంది. సన్నగా, చూడ్డానికి ముద్దుగా ఉంటుంది, చిన్న పడవలకు సరిపోతుంది. పెద్దవాటికి నూనె ఒత్తిడితో నెట్టేది ఉంది, మోటారూ మరా తిరిగి నెట్టేది ఉంది. ఏది సరిపోతుందో నోటితో చెప్పలేను. స్ప్రింగు కాటా ఒకటి సంపాదించు. దాని కొక్కెం చుక్కాని కర్ర కొసకు తగిలించి, పడవ నిండు బరువుతో, మంచి గాలిలో నడుస్తున్నప్పుడు పక్కకు లాగి చూడు. ముల్లు ఎంత దూరం పోతుందో రాయి.

గదిలో మన వనపర్తి వైపు వాళ్లు ఇద్దరు చేరారు. వాళ్లకు మన రేవు తెలుసట. ఏవో అంటారు, అది తర్వాత రాస్తాలే.

నీ తమ్ముడు,
యూసుఫ్


ఎర్రగుట్ట రేవు
అక్టోబర్ 2003

తమ్ముడు యూసుఫ్‌కు ఆపా దువాలు.

చింతపండు తూచే స్ప్రింగు కాటా తెచ్చాను. నిండు బరువు అన్నావు. మనుషులు ఎక్కరు కాబట్టి గుట్ట దగ్గరి రాళ్లు నింపాను. రాళ్లకు పట్టింపులు లేవు. గాలి లేచిన రోజు చూసి నడి ఏటికి పోయి లాగాను. ముల్లు ఇరవై దాటి వణికింది. ఒడ్డు మీద హన్మంతు బృందం నిలబడి చూసింది. మొగుడు పోయాక మతి పోయిందని, ఏటిని తూచుతోందని రెండు రోజులు చెప్పుకున్నారు.

నువ్వు రాసిన రకాల మీద బాగా ఆలోచించాను. నాకు కావలసింది రెండే. ఒకటి, చేయి జనానికి కనబడాలి. అటూ ఇటూ కదలాలి, దీపాలు వెలగాలి. రెండు, వద్దనుకున్నప్పుడు పట్టు వదలాలి, చుక్కాని నా చేతికి ఎప్పటిలా తేలిగ్గా రావాలి. బలం సంగతి అంత పట్టించుకోకు. చుక్కాని కర్ర మీద పెట్టే చిన్న చేయి అన్నావు కదా, దాన్నే పంపు.

ఏవో అంటారని రాసి ఆపేశావు. మన దగ్గర ఎవరో ఏదో అనని రోజు ఉందా? వాళ్ల మాట వదిలెయ్. సరిగ్గా తిను.

నీ ఆపా,
మహమూదా


షార్జా
నవంబర్ 2003

ఆపాకు సలాం.

నువ్వు అడిగిన చేయి పంపడం లేదు. కోప్పడకు. కాటా ముల్లు ఇరవై దాటిందని నువ్వే రాశావు. ఆ బరువుకు చిన్న చేయి గంటలో వేడెక్కి కాలిపోతుంది, నడి ఏట్లో చుక్కాని వదిలేస్తుంది. కళ్లకు ఇంపుగా ఉందని బక్క ఎద్దును కొని నాగలికి కట్టినట్టు ఉంటుంది. నూనెది కూడా వద్దనుకున్నాను. కారితే బాగుచేసేవాళ్లు కొల్లాపూర్‌లో లేరు, పైగా మిషన్ ఆపినా చుక్కాని బరువుగానే తిరుగుతుంది.

మర తిరిగే పెద్ద చేయి ఒకటి పాత పడవ నుంచి విప్పింది దొరికింది. నేనే కడిగి, గ్రీజు పెట్టి, వారం రోజులు నడిపి చూశాను. ముగ్గురు మనుషుల బలం. పక్కన ఎర్ర మీట ఉంది, అది కిందికి వేస్తే పట్టు వదిలేస్తుంది, చుక్కాని నీ చేతికి పూవులా వస్తుంది. నీది తెరిచిన పడవే కాబట్టి అంతా జనానికి కనబడుతుంది. దీపాలు కూడా ఉన్నాయి, నీ ముచ్చట తీరుతుంది.

మాతో పనిచేసే రాజోలి యేసుబాబు క్రిస్మస్‌కు ఇంటికి వస్తున్నాడు. అతనే తెచ్చి బిగిస్తాడు. బ్యాటరీ కొని, ఇనుప పట్టీలు వనపర్తిలో చేయించుకోమన్నాను. ఒక్క మాట మరిచిపోకు. దిక్కు చూసే డబ్బా దగ్గరికి ఇనుము రానివ్వకు. మోటారు సైకిళ్లు, పంపుసెట్లు ఎక్కిస్తే ముందు కొసకు తోయించు. ఇనుము దగ్గరికొస్తే దానికి దిక్కు తెలియదు.

ఇంకొకటి. ఇది వచ్చాక నువ్వు రోజంతా పడవలో కూర్చోవాల్సిన అవసరం ఉండదు. ఆలోచించు.

యూసుఫ్


ఎర్రగుట్ట రేవు
జనవరి 2004

నా బంగారు తమ్ముడికి ఆపా దువాలు.

నువ్వు అన్నదే నిజం, నేను అడిగింది పంపి ఉంటే నవ్వులపాలయ్యేదాన్ని. యేసుబాబు మూడు రోజులు ఇక్కడే ఉండి బిగించాడు. డబ్బాను చెక్క గుంజ మీద పెట్టాడు. మొదటి రోజు రేవు తిరునాళ్లలా ఉంది. హన్మంతు కొబ్బరికాయ కొట్టి మిషన్‌కు పసుపు పూశాడు. మసీదు ముసలాయన ఫాతిహా చదివి ఆకుపచ్చ గుడ్డ కట్టాడు. యేసుబాబు కూడా కళ్లు మూసుకుని ఏదో అనుకున్నాడు. నా చేతిని ఇన్నేళ్లలో ఎవరూ అలా దీవించలేదు.

మొట్టమొదట ఎక్కింది లలితమ్మ టీచరే. ఎర్ర మీట పైకి వేసి, పెట్టె మీది మీట నొక్కగానే ఆ చేయి గుర్రుమని కదిలింది, పడవ నూలు పట్టినట్టు అవతలి ఒడ్డుకు పోయింది. నేను పక్కన కూర్చున్నాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. దిగేటప్పుడు హన్మంతు మిషన్‌కు దండం పెట్టాడు. "మొగోని లెక్క వట్టింది సూడు, జర గుడ అదరలే," అన్నాడు. అప్పటి నుంచి దాని పేరు షార్జా మియా. షార్జా మియా ఉన్నాడా అని అడిగి మరీ ఎక్కుతున్నారు.

పాన్‌గల్, ఖిల్లా ఘణపూర్ దాకా పేరు పాకింది. ఊరికే చూడ్డానికి జనం వస్తున్నారు. దిష్టి తగులుతుందని నిన్న హన్మంతు ఒక గుర్రపు నాడా తెచ్చి, నిమ్మకాయలతో కలిపి నల్లదారంతో ఆ డబ్బాకు వేలాడదీశాడు. పెళ్లికొడుకులా ఉన్నాడు నీ మియా. ఉవైస్ కూడా వచ్చి చూసి పోయాడు. ఉగాది ఎంతో దూరం లేదు. పడవ నాదే అయితే ఆ పుణ్యం నీది.

నీ ఆపా,
మహమూదా


షార్జా
ఫిబ్రవరి 2004

ఆపాకు సలాం.

వెంటనే నాడా తీసెయ్. ఇనుము వద్దని రాశాను కదా. అది దారానికి ఊగుతుంటే డబ్బాలోని దిక్కు కూడా దానితో పాటు ఊగుతుంది. హన్మంతు దిష్టికి నిమ్మకాయలు చాలు. తీశావో లేదో రాస్తే గాని నాకు నిద్ర పట్టదు.

గదిలో వాళ్ల మాటలు వదిలెయ్యమన్నావు. వదిలెయ్యడానికి నేను పక్క ఊళ్లో లేను, వాళ్ల పక్క మంచం మీద ఉన్నాను. "మీ ఆపా పడవ తోల్తదట గదా, గామెను రమ్మను, నిన్ను గుడ తోల్కపోతది," అంటారు. పళ్లెం ముందు కూర్చుంటే అంటారు, నమాజుకు నిలబడేటప్పుడు అంటారు. మిషన్ వచ్చాకైనా నువ్వు ఇంట్లో ఉంటే, మా ఆపా పడవకు యజమాని అని చెప్పుకుంటాను. నువ్వే చుక్కాని దగ్గర ఉంటే ఏమని చెప్పను? 

యూసుఫ్


ఎర్రగుట్ట రేవు
మార్చి 2004

తమ్ముడికి దువాలు.

నాడా తీసేశాను. నిద్రపో. మిషన్ చక్కగా నడుస్తోంది. నీళ్లు తగ్గుతున్నాయి, పాత ఊరి గోడలు ఒక్కొక్కటే తల ఎత్తుతున్నాయి. అయినా ఒక్కసారి కూడా రాయి తగలలేదు. మొన్న గాలివానలో పెళ్లివాళ్లను దాటించాను, పెళ్లికూతురు తల్లి దిగాక మిషన్‌కు బొట్టు పెట్టింది. చాలా రోజులకు నాకు కడుపునిండా నవ్వొచ్చింది. ఎందుకో తర్వాత చెబుతాను.

ఉగాది అయిన వారానికి పెద్దలు కూర్చుంటారు. ఇక భయం లేదు.

ఆపా


షార్జా
మార్చి 2004

ఆపాకు సలాం.

నీ ఉత్తరం చూసి గుండె కుదుటపడింది. అంత బాగా నడుస్తోందంటే నేను ఎంచినదానికి నాకే గర్వంగా ఉంది. ఇక నువ్వు శ్రమపడాల్సిన పని లేదు. మీ వైపు వాళ్లతో ఒకటి రెండు మాటలు మాట్లాడాను. అంతా నీ మంచికే, నీకే తెలుస్తుంది.

యూసుఫ్


ఎర్రగుట్ట రేవు
ఏప్రిల్ 2004

యూసుఫ్‌కు,

తెలిసింది. ఇప్పుడు నువ్వు తెలుసుకో.

నాడా నేను తీయలేదు. తీయబోతే హన్మంతు అడ్డం పడ్డాడు. "నాడా తీస్తె దిష్టి తగుల్తది, తగిల్తె పడవ ఎక్కం," అన్నాడు. అది కట్టిన రోజు నుంచి మిషన్ తాగినవాడిలా అటూ ఇటూ పోయింది. అందుకే దీపాలు వెలగనిచ్చి, ఎర్ర మీట కిందికి వేసేదాన్ని. చుక్కాని కర్రకు వీపు ఆనించి జనం వైపు తిరిగి కూర్చుని, చున్నీ కింద వెనక్కి చేయి పెట్టి నేనే నడిపాను. చుక్కాని కదిలితే చేయి కూడా కదులుతుంది కాబట్టి మియానే నడుపుతున్నాడనుకున్నారు. పెళ్లివాళ్లను గాలివానలో దాటించింది నేను. బొట్టు దానికి పెట్టారు. నవ్వొచ్చింది అందుకే.

ఉగాది పోయాక పెద్దలు రేవులోనే కూర్చున్నారు. పడవ ఎండిపోలేదు, తిరిగింది, కాబట్టి నాదేనని ధైర్యంగా పోయాను. ఉవైస్ లేచి మాట్లాడాడు. "పడవ తిరిగింది, ఒప్పుకుంట. గని తిప్పిందెవరు? మిషన్. మిషన్ తిప్పంగ భాభీ ఏంటికి? యూసుఫే ఫోన్ల చెప్పిండు, ఎవ్వలన్న నడపొచ్చని. మీటలు ఎట్లెయ్యాలెనో గుడ నేర్పిండు. మా ఆపాను ఇంట్ల కూసోవెట్టుండ్రి అన్నడు." తలలన్నీ ఊగాయి. తోడబుట్టినవాడే చెప్పాక ఇంక అడిగేదేముంది? కంచే చేను మేస్తే ఎవరికి చెప్పుకుంటారు?

నేను లేచి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మిషన్ కాదు, ఇన్నాళ్లూ నా చేతులేనని. మెచ్చుకుంటారని కాదు, కనీసం ఆలోచిస్తారనుకున్నాను. హన్మంతు మొహం కందగడ్డ అయింది.

"ఇన్నొద్దులు మమ్ముల్ని ఆడదాని చేతుల వెట్టి దాటిస్తివా?"

"దాటించిన. ఎవ్వలకన్న ఏమన్న అయ్యిందా?"

"అయితె?"

"కాలే గద."

"అయితె ఏంది అంటున్న."

లలితమ్మ టీచరు తల దించుకుని కూర్చుంది. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ల గురించి విన్నాను. నడి ఏట్లోనే తగలేసేవాళ్లను మొన్న చూశాను.

నేను అబద్ధం చెబుతున్నానని, మియాకు చెడ్డపేరు తెస్తున్నానని ఉవైస్ అన్నాడు. చూపిస్తానని పడవ ఎక్కాడు. పెద్దలు ఎక్కారు, టీచరు ఎక్కింది, బడి పిల్లలు ఎక్కారు. నేనూ ఎక్కాను. ఉవైస్ మీట పైకి వేసి, నువ్వు నేర్పిన మీటలు నొక్కాడు. కాసేపు బాగానే పోయింది. ఇంజను ఊపుకు నాడా ఊగింది. పడవ కుడికి తిరిగింది, ఎడమకు తిరిగింది, తర్వాత పాత ఊరి గోడల వైపు మళ్లింది. నేను చుక్కాని దగ్గరికి పోబోతే ఉవైస్ చేయి అడ్డం పెట్టాడు. "దూరముండు భాభీ," అన్నాడు. టైర్లకు పంక్చర్లు వేసుకునేవాడికి చుక్కాని ఏం తెలుసు? మీటలన్నీ కలిపి నొక్కుతున్నాడు.

అల్లా సాక్షిగా నీకు చెబుతున్నాను, కొంతసేపు నేను నోరు మూసుకునే కూర్చున్నాను. గోడకు రాసుకుంటే మియా పరువు పోతుంది, పడవ నాదవుతుంది. ఊరికే ఉంటే చాలు. ఇంతలో ముందు కూర్చున్న ఒక ఆడపిల్ల గోడను ముట్టుకుందామని పడవ అంచు మీదుగా రెండు చేతులూ చాపింది. గోడకూ పడవకూ మధ్య ఆ చేతులు నలిగిపోతాయి. నాకు తెలియకుండానే అరిచాను. నాడా తెంపమన్నాను. హన్మంతు జంకాడు. అప్పుడు లలితమ్మ టీచరుకు సైన్సు గుర్తొచ్చింది. ఇనుము దిక్సూచిని లాగుతుందని తానే చెప్పి, తానే దారం తెంపి నాడాను ఏట్లోకి విసిరింది. ఎర్ర మీట కిందికి వేయమని, గుట్ట వైపు పడవ ముక్కు తిప్పమని, మళ్లీ మీట పైకి వేసి నొక్కమని ఉవైస్‌కు నేనే ఒక్కొక్కటీ చెప్పాను.

పడవ గోడను తప్పించుకుని నూలు పట్టినట్టు పోయింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఉవైస్ చెమట తుడుచుకున్నాడు. "మిషన్ మంచిదే, తప్పు నాడాది," అని హన్మంతు తీర్పు చెప్పాడు. "మహమూదమ్మా, నువ్వింక పరేషాన్ కాకు. ఇంట్ల సల్లగుండు," అన్నాడు.

పడవ పోయింది యూసుఫ్. నువ్వు మంచి మిషనే ఎంచావు.

మహమూదా


షార్జా
జూన్ 2004

ప్రియమైన ఆపాకు నీ తమ్ముడు యూసుఫ్ వేల సలాములు.

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. పది సార్లు రాసి చించేశాను. నేను చెడ్డవాణ్ణి కాదు. ఉవైస్ బూత్ నుంచి ఫోన్ చేసి అడిగితే చెప్పాను. మిషన్ చక్కగా నడుస్తోందని నువ్వే రాశావు. నాడా తీసేశానని అబద్ధం రాయకపోతే నేను అతనికి ఆ మాట చెప్పేవాణ్ణే కాదు. నీ చేతులే నడిపాయని నాకు ఒక్క ముక్క రాస్తే ఏమయ్యేది? ఆ పిల్ల తల్లిదండ్రులు చూసుకునేవాళ్లు, నువ్వు నోరు విప్పకుండా ఉంటే పడవ నీకే మిగిలేది. ఇంత తెలివి ఉండి ఆ ఒక్క నిమిషం ఓపిక పట్టలేకపోయావు.

ఇక్కడ నా పరిస్థితి నీకు తెలియదు. ఆపా, నువ్వు రోజంతా పరాయి మగవాళ్ల మధ్య కూర్చోవడం మన ఇంటి మర్యాద కాదు. అమ్మీ ఉంటే ఒప్పుకునేదా? నిఖత్‌తో మాట్లాడాను. గద్వాలలో వెనక గది నీకు ఖాళీ చేస్తుంది. అక్కడ ఉండు, పిల్లలకు ఖురాన్ నేర్పు, హాయిగా తిను. నీకేం తక్కువ చేయను. బక్రీద్‌కు సెలవు మీద వస్తున్నాను, రేవుకు వచ్చి నేనే తీసుకుపోతాను.

క్షమించానని ఒక్క ముక్క రాయి. అది చూస్తే గాని నాకు అన్నం సహించదు. ఇంకేమీ రాయకపోయినా పర్వాలేదు.

నీ తమ్ముడు,
యూసుఫ్


ఎర్రగుట్ట రేవు
ఆగస్టు 2004

యూసుఫ్ గారికి సలాం.

మీ ఉత్తరం అందింది. వెనక గది నాకు అవసరం లేదు. దానికోసం నిఖత్‌ను ఇబ్బంది పెట్టకండి.

ఏటికి ఎర్రనీళ్లు వచ్చాయి. వరదలో పడవ ముక్కు ఎటు పెట్టినా ప్రవాహం పక్కకు ఈడుస్తుంది. ఆ సంగతి మిషన్‌కు తెలియదు. మొన్న పొద్దున ఉవైస్ వచ్చి గుమ్మం బయట నిలబడి, ముక్కు ఎంత ఎగువకు పెట్టాలని అడిగాడు. తలుపు చాటు నుంచి చెప్పాను. అప్పటి నుంచి రోజూ వస్తున్నాడు, రోజూ చెబుతున్నాను. పడవ ఎక్కేది అతనొక్కడే కాదు కదా. ఇలా చెప్పడం వల్ల ఎవరి మర్యాదకూ భంగం లేదట, హన్మంతు గారే సెలవిచ్చారు.

ఆ ఒక్క నిమిషం ఓపిక పట్టలేదని రాశారు. ఆ పిల్ల వేళ్లు పదీ ఉన్నాయి. నిన్న నా వాకిట్లో గవ్వలాట ఆడింది. మీకు ఆ లెక్క అర్థం కాదు కాబట్టి ఇక వివరించను.

నా అబద్ధం గురించి కూడా రాశారు. నిజమే, రాయలేదు. నా చేతులే నడుపుతున్నాయని చెబితే మీరు సంతోషిస్తారా అని ఆలోచించాను. సంతోషించరనిపించింది. అదొక్కటే నేను సరిగ్గా ఊహించాను.

క్షమించానని రాయమన్నారు. రాయలేను. నేను నడవడం నేర్పిన పిల్లవాడు ఒకడు ఉండేవాడు, వాడు అడిగి ఉంటే రాసేదాన్ని. సెలవుకు వస్తే గద్వాలలోనే ఉండండి, ఇక్కడికి రావద్దు. గారు అని, మీరు అని రాయడం చూసి నొచ్చుకోకండి. పరాయి మగవాళ్లతో మర్యాదగా ఉండాలని మీరే కదా రాశారు.

ఇట్లు,
మర్హూం యాసిన్ గారి భార్య
మహమూదా